ఎనభై శాతం

డిసెంబరులో బెల్‌ఫాస్ట్‌కు సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. అప్పటికి తెనాలిలో రాత్రి తొమ్మిదిన్నర. రాయల్ విక్టోరియా ఆసుపత్రి హృద్రోగ విభాగంలో పనిచేసే ఒక తెలుగు నర్సు, ఉదయపు డ్యూటీ ముగించి బస్టాపుకు నడుస్తూ తండ్రితో మాట్లాడడం చాలా ఏళ్ళ అలవాటు. ఒక సాయంత్రం "రోడ్డు దాటుతున్నాను నాన్నా" అన్నంతలో ఫోన్ ఆగిపోయింది. అంతకు ముందు క్షణమే తెరమీద ఇరవై శాతం కనబడింది.

ఇల్లు చేరి ఛార్జింగ్ పెట్టేసరికి పదకొండు మిస్డ్ కాల్స్. డెబ్బై దాటిన ఆ మనిషి గంటసేపు ఫోన్ చేతిలో పట్టుకుని వసారాలో కూర్చుండిపోయారు. కోప్పడలేదు. "అన్నం తిన్నావా అమ్మా?" అని మాత్రం అడిగారు. గొంతు వణికింది.

సెట్టింగులు తెరిస్తే బ్యాటరీ ఆరోగ్యం 78 శాతం. లిథియం అయాన్ బ్యాటరీ వాడుకతోను, వేడితోను, వయసుతోను అరిగిపోతుంది. లోపలి నిరోధం పెరుగుతుంది. చలికి అయాన్ల కదలిక మందగించి, ఫోన్ ఒక్కసారిగా ఎక్కువ శక్తి అడిగితే వోల్టేజి కుప్పకూలుతుంది. మిగిలిన ఛార్జి ఉండీ అక్కరకు రాదు.

తోటివారు ఐఫోన్ మేలా, ఆండ్రాయిడ్ మేలా అని వాదించుకున్నారు. పాత ఐఫోన్లు 500 ఛార్జింగ్ ఆవృత్తుల తరువాత ఎనభై శాతం సామర్థ్యం నిలుపుకొనేలా రూపొందినవి. 2023లో వచ్చిన పదిహేనో శ్రేణికి ఆ లెక్క 1000. ఎనభై దగ్గర ఛార్జింగ్ ఆపే సదుపాయం ఇప్పుడు రెండు పక్షాలలోనూ ఉంది. ఏ పక్షం వహించినా అరుగుదల తప్పదు.

గుండె పంపింగు శాతం 55 అని చూసి బెదిరే రోగులకు, ఆరోగ్యవంతుల గుండె కూడా నూరు శాతం నెట్టదని నచ్చజెప్పేది ఆమే. తన ఫోన్ శాతాన్ని మాత్రం రోజుకు నాలుగుసార్లు చూసుకోసాగింది.

ఆమె పనిచేసే ఆసుపత్రిలోనే 1965లో ఫ్రాంక్ ప్యాంట్రిడ్జ్, కారు బ్యాటరీలతో నడిచే డీఫిబ్రిలేటర్‌ను రూపొందించాడు. బరువు సుమారు 70 కిలోలు. అంతవరకు గోడ కరెంటును అంటిపెట్టుకున్న చికిత్సను, అంబులెన్సులో రోగి గడపకు చేర్చాడు. ఆ బ్యాటరీ అవసరమైన ఆ ఒక్క క్షణానికి శక్తినివ్వడమే ముఖ్యం.

ఆమె కొత్త ఫోన్ కొనలేదు, బ్యాటరీ మార్పించింది. చలికి ఫోన్లు ఆగిపోవడం మామూలేనని, కంగారు పడవద్దని తండ్రికి వివరించింది. "సరేనమ్మా" అన్నారాయన.

ఆనాటినుండి ఆమె నడుస్తూ మాట్లాడుతున్నదని తెలిస్తే చాలు, ఆయనే ఫోన్ పెట్టేస్తారు. "ముందు రోడ్డు దాటు తల్లీ. బస్సెక్కాక చెయ్యి. నేను మేలుకునే ఉంటాను."