త్రాగినవాని నాలుక



సంఘములో తగవు తీర్చుటకు కూర్చున్నప్పుడెల్ల నాకు వినబడు మాట యొకటి కలదు. “త్రాగి అన్నాడండి అయ్యగారూ, వాడి మాటలు పట్టించుకోకండి.” త్రాగినవాని బంధువులే ఈ మాట చెప్పుదురు. తిట్లు పడినవారు తలవంచుకొని కూర్చుందురు. త్రాగుడు అవమానమును కడిగివేయునా? తిట్టినవాడు మత్తులో నుండెను గనుక తిట్టు తగిలినవానికి నొప్పి లేకపోవునా? ఈ ప్రశ్న మన గ్రామములలోనే పుట్టినది కాదు. నాలుగు వందల యేండ్ల క్రిందట ఇంగ్లండు దేశమును సయితము ఇది కలవరపెట్టెను. అక్కడివారు దీనికి చట్టముచేత జవాబు చెప్పజూచిరి. ఆ సంగతి కొంచెము ఆలకించుడి.

అది 1603 మొదలు 1625 వరకు ఏలిన మొదటి జేమ్సు రాజు కాలము. ఆ రాజు పేరుతో పిలువబడు ఆంగ్ల బైబిలు 1611లో వెలువడెను. అదే సంవత్సరమున ఆంగ్ల వర్తకుల ఓడ మన మచిలీపట్నము చేరెను. ఆ దినములలో ఇంగ్లండు గ్రామములలో ఏల్ అను పానీయము అమ్ము ఇండ్లు విస్తారముగా నుండెను. మొలకెత్తించిన యవలతో కాచి, పులియబెట్టి దానిని చేయుదురు. ఇట్టి దుకాణమునకు ఇద్దరు న్యాయాధికారుల అనుమతి కావలెనని 1552లోనే చట్టము పుట్టెను. 1604లో మరియొక చట్టము వచ్చెను. బాటసారులను, మధ్యాహ్నము ఒక గంట భోజనమునకు వచ్చు పట్టణపు పనివారిని మొదలైన కొందరిని తప్ప, ఊరివారిని కూర్చుండబెట్టి త్రాగనిచ్చిన దుకాణదారునికి 10 షిల్లింగుల జుల్మానా విధించిరి.

అంతటితో ఆగక, 1606లో త్రాగుబోతునే శిక్షించు చట్టము చేసిరి. త్రాగి మత్తుడైనవాడు 5 షిల్లింగులు చెల్లింపవలెను. 5 షిల్లింగులనగా 60 పెన్నీలు. కూలివానికి దినమంతయు పాటుపడినను 8 పెన్నీలు వచ్చుట సామాన్యము. ఆ జుల్మానా సొమ్ము ఆ ఊరి బీదలకు చేరవలెను. చెల్లింపలేనివాని కాళ్లను ఆరు గంటల సేపు బొండలో బిగింపవలెను. ఫిలిప్పీ చెరసాలలో పౌలు సీలల కాళ్లకు వేసిన బొండ మీకు జ్ఞాపకమున్నది గదా! కానిస్టేబులును, సంఘ పెద్దలును అట్టివారిని పట్టి అప్పగింపవలెనని కూడ ఆజ్ఞాపించిరి.

అయితే ఆ 1606వ సంవత్సరపు వేసవిలో రాజుగారి విందులోనే ఏమి జరిగినదో చూడుడి. డెన్మార్కు రాజు చుట్టముగా వచ్చెను. థియోబాల్డ్స్ అను భవనములో సొలొమోను, షేబ దేశపు రాణి కథను నాటకముగా ఆడిరి. సర్ జాన్ హారింగ్టన్ లేఖలో ఆ రాత్రి వర్ణింపబడినది. షేబ రాణి వేషము వేసిన స్త్రీ తూలిపడి తెచ్చిన కానుకలన్నియు డెన్మార్కు రాజు ఒడిలో ఒలకబోసెను. విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ అను వేషములతో ముగ్గురు స్త్రీలు వచ్చిరి. నిరీక్షణకు మత్తుచేత నోట మాట రాలేదు. విశ్వాసము తూలుచు వెలుపలికి పోయెను. తరువాత ఆ యిద్దరును క్రింది గదిలో వాంతి చేసికొనుచుండిరట. కొన్ని నెలలకు బీదవాని కాళ్లకు బొండ వేయు చట్టము పుట్టినది. పెద్దలు త్రాగుచు చిన్నవారిని మానుమనుట యెంత వ్యర్థమో గ్రహించితిరా?

ఇక తిట్ల సంగతి. దొంగవని, వ్యభిచారిణివని, హంతకుడవని నిందించుకొని జనులు న్యాయస్థానములకు పరుగెత్తిరి. వ్యాజ్యములు పెరిగిపోగా న్యాయాధిపతులు మాటలకు సాధ్యమైనంత మెత్తని అర్థము చెప్పి దావాలను కొట్టివేయసాగిరి. సర్ థామస్ హోల్ట్ అను ధనికుడు తన వంటవాని తలపై కత్తితో కొట్టగా, తల రెండై ఒక చెక్క ఈ భుజముమీదను, మరియొక చెక్క ఆ భుజముమీదను పడినదని యొకడు చెప్పెను. హోల్ట్ దావా వేసెను. 1607 ప్రాంతమున తీర్పరులు, వంటవాడు చచ్చెనని ఇతడు చెప్పలేదు గదా అని హోల్ట్ దావాను నిలువనియ్యలేదు! 1623 చట్టము నిందా వ్యాజ్యములకు రెండేండ్ల గడువు పెట్టెను. నష్టపరిహారము 40 షిల్లింగులకు తక్కువైనచో ఖర్చులు అంతకు మించి రాకూడదనెను.

సంఘ న్యాయస్థానములు కూడ ఉండెను. అవి నష్టపరిహారము ఇప్పింపలేవు. నిందించినవాడు దేవాలయములో గాని, పాదిరి యెదుట గాని తన మాట తప్పని ఒప్పుకొని, నిందింపబడినవారి క్షమాపణ వేడుకొనవలెను. ఈ పద్ధతి నాకు మిగిలినవాటికంటె సువార్తకు సమీపముగా కనబడుచున్నది.

మన మొదటి ప్రశ్నకు వత్తము. గొప్ప న్యాయవేత్తయగు ఎడ్వర్డ్ కోక్ 1628లో ప్రచురించిన గ్రంథములో, త్రాగినవానికి మత్తు సాకు కాజాలదు, అది నేరమును మరింత పెంచునని నిర్ణయించెను. అతడు తన యిష్టమున తెలివిని పోగొట్టుకొనెను గనుక దానికి తానే ఉత్తరవాది. ప్రియులారా, “త్రాగి అన్నాడు” అని తేల్చివేయు మన పంచాయతీలకంటె ఆ తీర్పు నీతిగా నున్నది కాదా?

అయినను చట్టము కాళ్లను బిగించెను గాని నాలుకను బిగింపలేకపోయెను. మన ప్రభువు కొండమీద బోధించినప్పుడు సహోదరుని ద్రోహియని పిలుచుటను హృదయములోని కోపముతో కలిపి చెప్పెను. పిమ్మట, సహోదరునికి నీ మీద విరోధమున్నచో కానుకను బలిపీఠము నొద్దనే విడిచి, మొదట వెళ్లి సమాధానపడుమనెను. ఆ వెళ్లుట మత్తులో చేయదగినది కాదు. తెలివి వచ్చిన ఉదయమున, తిట్టినవాడు తానే, తిట్టిన ఆ గుమ్మము నొద్దకే, విన్నవారి యెదుటనే వెళ్లవలెను. తల్లియైనను, అన్నయైనను వానికి బదులు వెళ్లి సర్దిచెప్పరాదు. వానిని చేయిపట్టి తీసికొని పోవచ్చును. తిట్లు పడిన సహోదరీ, నీకు గాయము కాలేదని నటింపనక్కరలేదు. తగిలినదని చెప్పి క్షమించుము. అట్టి క్షమాపణయే నిలుచును.

రాబోవు ప్రభురాత్రి భోజనమునకు ముందు మీలో ఎవరైనను వెళ్లవలసిన గుమ్మమున్నయెడల ఆలస్యము చేయకుడి. ఆ నడకలో ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమెన్.