ఊఁ కొట్టేవాళ్ళు

కథ చెప్పమని పిల్లలు వెంటపడితే మన అమ్మమ్మలు ముందే ఒక షరతు పెట్టేవారు, ఊఁ కొడితేనే చెప్తానని. ఊఁ ఆగిందంటే పిల్లాడు నిద్రపోయినట్టు. కథా అక్కడితో ఆగేది. ఎంత బాగా చెప్పినా, వినేవాళ్ళ దగ్గర్నుంచి ఏదో ఒకటి తిరిగొస్తేనే మాట అందినట్టు లెక్క. మన ఇళ్ళల్లో గొడవలు సగం ఇక్కడే పుడతాయని నాకనిపిస్తుంది. "నేను చెప్పానుగా" అని ఒకరు, "నాకెవరూ చెప్పలేదు" అని ఇంకొకరు. చాలాసార్లు ఇద్దరూ నిజమే చెప్తుంటారు!

మా అమ్మాయి ఇంజనీరింగ్ చదివేటప్పుడు తన పుస్తకంలో ఒక బొమ్మ చూపించింది. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన క్లాడ్ షానన్ 1948లో గీసిన బొమ్మట. ఒక చివర కబురు పుట్టే చోటు, దాన్ని పంపే యంత్రం, మధ్యలో దారి, అవతల అందుకునే యంత్రం, చివరికి గమ్యం. ఆ దారిలోకి ఇంకో బాణం వచ్చి గుచ్చుకుంటుంది. దాని పేరు నాయిస్, అంటే రొద. ఆ రొద కబురుని పాడుచేస్తుంది. మా వంటింట్లో కుక్కర్ విజిల్, హాల్లో టీవీ సీరియల్ లాగా అన్నమాట.

షానన్ గారి లెక్క యంత్రాల కోసం. కబురుకి అర్థమేమిటన్నది తన పని కాదని ఆయనే రాశారు. ఆ బొమ్మలో బాణాలు కూడా ముందుకే వెళ్తాయి. మనుషుల మాటల సంగతికి వచ్చేసరికి విల్బర్ ష్రామ్ లాంటివాళ్ళు వినేవాళ్ళ నుంచి వెనక్కి వచ్చే జవాబుని కూడా కలిపారు. ఫీడ్‌బ్యాక్ అంటారే, అది.

మనకిది కొత్తేమీ కాదు. బుర్రకథ చూసినవాళ్ళకి తెలుసు. తంబురా పట్టుకుని మధ్యలో కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. వాళ్ళు ఉత్తినే తందాన అనడానికి లేరు. మనకి రావలసిన అనుమానం వాళ్ళే అడుగుతారు, మనం నవ్వాల్సిన చోట వాళ్ళే నవ్విస్తారు. కృష్ణకి ఆ ఒడ్డున పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారికి ఆ కళకే 1986లో పద్మశ్రీ వచ్చింది. అంత గొప్ప కథకుడికైనా పక్కన వంత ఉండాల్సిందే.

అయితే చెవికి వినపడని రొద ఒకటుంది. అది మొహమాటం. పిల్లల్ని కంగారు పెట్టకూడదనే ప్రేమ కూడా రొదే. దాని సంగతి మాకు బుడమేరు వరదలో బాగా తెలిసొచ్చింది.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బెజవాడలో సింగ్ నగర్, పాయకాపురం నీళ్ళల్లో ఉన్నాయి. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మేం ఉండేది బందరులో. సింగ్ నగర్లో ఉన్న మా అత్తయ్యగారిని పై అంతస్తు వాళ్ళు తమ ఇంట్లోకి తీసుకెళ్ళారు. కరెంటు లేదు. వాళ్ళ ఫోన్లో మిగిలిన కాస్త ఛార్జింగ్‌తోనే మాటలు. మావారు అడిగితే "నాకేం, బానే ఉన్నాను, వీళ్ళు అన్నం పెడుతున్నారు" అన్నారు. మా మరిదికీ అదే జవాబు. ఆవిడ గొంతు కూడా మామూలుగానే ఉంది.

సాయంత్రం మా ఆడపడుచు హైదరాబాదు నుంచి చేసింది. బాగున్నావా అని అడగలేదు. "అమ్మా, షుగర్ బిళ్ళ అన్నానికి ముందు వేసుకున్నావా, తర్వాతా?" అంది. అవతల కాసేపు మాట లేదు. తర్వాత నెమ్మదిగా "అవి కిందే బీరువాలో ఉండిపోయాయే" అన్నారట. బీపీ బిళ్ళలు కూడా అందులోనే. అప్పటికే రెండు రోజులు అయిపోయింది.

మర్నాడు మా మరిది మందులు కొని, సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గర పడవలో లోపలికి వెళ్తున్న కుర్రాళ్ళకి ఇచ్చాడు. ఊరికే ఇచ్చి రాలేదు. ఏ వీధి, ఎన్నో అంతస్తు, ఎవరికివ్వాలి అన్నీ వాళ్ళచేత తిరిగి చెప్పించుకున్నాడు. విమానాల్లో కూడా ఇంతేనట. గన్నవరంలో దిగే పైలట్ అయినా సరే, టవర్ ఇచ్చిన అనుమతిని మళ్ళీ తన నోటితో చెప్పాలి. తప్పు చెప్తే టవర్లోవాళ్ళు అక్కడికక్కడే సరిచేస్తారు. బిళ్ళలు ఆ మధ్యాహ్నానికే అందాయి.

"బాగున్నారా" అన్న ప్రశ్నకి మన దగ్గర జవాబు ముందే తయారుగా ఉంటుంది. అది మర్యాద కోసం. నిజం కావాలంటే అవునని తప్పించుకోలేని ప్రశ్న వెయ్యాలి. బళ్ళో ఎలా ఉందంటే "బానే ఉంది" అనేసే పిల్లాడు, ఈరోజు నీ పక్కన ఎవరు కూర్చున్నారు అంటే అరగంట చెప్తాడు. ఆఫీసు నుంచి వచ్చిన మనిషిని ఏమైందని అడిగితే ఏం లేదంటారు. కాఫీ ఇచ్చి, కాసేపు మనమూ పక్కనే కూర్చుంటే ఆయనే మొదలుపెడతారు. వాట్సాప్‌లో రెండు నీలం టిక్కులు కనపడగానే చెప్పేశామనుకుంటాం. అవి చూశారని చెప్తాయి, అంతే. ఏమర్థమైందో చెప్పవు.

ఇప్పుడు మేం అత్తయ్యగారికి ఫోన్ చేస్తే ఇవాళ ఏం వండారనే అడుగుతున్నాం. గోంగూర పప్పు, వంకాయ కూర అంటే ఒంట్లో ఓపికుందన్నమాట. "ఒక్కదాన్నేగా, నిన్నటిదే ఉంది" అన్నారంటే మాత్రం, మర్నాడు ఎవరో ఒకరం బెజవాడ బస్సెక్కుతాం.