నాలుగడుగుల పది అంగుళాలు

మొన్న దసరా సెలవుల్లో ఊటీ వెళ్ళాం. చెరువు దగ్గర గుర్రం ఎక్కుతానని మా చిన్నది ఒకటే గొడవ. తొమ్మిదేళ్ళు దానికి. వరసగా నిలబెట్టిన వాటిల్లో అన్నిటికన్నా పొట్టిదాన్ని చూసి, "అమ్మా, పాపం ఇది ఇంకా పిల్ల కదా, నేనెక్కితే బరువు కాదూ?" అంది. దాన్ని నడిపించే అతను నవ్వి, వచ్చీరాని తెలుగులో, "పిల్ల కాదమ్మా, పన్నెండేళ్ళు. పోనీ. ఇంక ఎదగదు" అన్నాడు.

ఆ "ఎదగదు" వినగానే అది నా వంక చూసింది. ఎందుకు చూసిందో నాకు తెలుసు.

బళ్ళో ప్రార్థన వరసలో ఎప్పుడూ మొదట ఇదే. వచ్చిన చుట్టమల్లా "ఏమే, ఎత్తు రావడం లేదే" అనకుండా కాఫీ తాగరు. మా అత్తయ్య తాడాట ఆడించమంటారు. నేను తక్కువ తిన్నానా? ప్రతి నెలా ఒకటో తారీఖున వంటింటి గుమ్మానికి ఆనించి నిలబెట్టి పెన్సిలు గీత గీస్తాను. పెరుగుదల బాగానే ఉంది, తల్లిదండ్రుల ఎత్తును బట్టే వస్తుందని పిల్లల డాక్టరు రెండుసార్లు చెప్పారు. అయినా గీతలు ఆపలేదు.

రాత్రి గదిలో, "పోనీ అంటే గుర్రం కాదా? పోనీలే అని వదిలేసిందా?" అని అడిగింది. మా వారు పడీ పడీ నవ్వారు. నేను మాత్రం ఫోను పట్టుకుని కూర్చున్నాను.

గుర్రాల ఎత్తును చేతుల్లో లెక్కేస్తారట. ఒక చెయ్యంటే 4 అంగుళాలు, మన బెత్తెడు కన్నా కాస్త ఎక్కువ. కొలిచేది తల దాకా కాదు. మెడ దిగి వీపు మొదలయ్యే చోట ఎత్తుగా ఉంటుందే, ఆ మూపు దాకా. తల ఎత్తుతూ దించుతూ ఉంటుంది, మూపు కదలదు కదా. మామూలుగా 14.2 చేతుల లోపు ఉంటే పోనీ, ఆ పైన గుర్రం. ఆ చుక్క తర్వాతది దశాంశం కాదు, అంగుళాలు. 14.3 తర్వాత నేరుగా 15. అంతర్జాతీయ పోటీల్లో గీత 148 సెంటీమీటర్లు, నాడాలతో అయితే 149.

అయితే ఆ గీత అందరికీ ఒకేలా లేదు. ఐస్‌లాండ్ గుర్రాలు చాలావరకు పోనీ ఎత్తే, కానీ గుర్రాలనే అంటారు. అరబ్బీ గుర్రం పొట్టిదైనా గుర్రమే. అర్జెంటీనాలో ఫలబెల్లా అని ఉంది, మూడడుగులు కూడా ఉండదు, దాన్నీ బుల్లి గుర్రమనే అంటారు. పోలో ఆటలో పరిగెత్తేవి గుర్రాలంత ఎత్తున్నా వాటి పేరు పోనీలే. ఎత్తొక్కటే కాదు, దట్టమైన జూలు, పొట్టి కాళ్ళు, వెడల్పాటి ఒళ్ళు కూడా చూస్తారు. మోకాళ్ళ దాకా వచ్చే షెట్లాండ్ పోనీలని చెప్పబోయి సరిచూసుకుంటే, అవి మూడున్నర అడుగుల దాకా ఉంటాయట. ఒకప్పుడు బ్రిటన్ బొగ్గు గనుల్లో బళ్ళు లాగినవి అవే. మా చిన్నప్పుడు స్టేషను బయట జట్కాలకి కట్టినవీ పొట్టివే. మేం గుర్రబ్బండనే ఎక్కాం.

14.2 చేతులంటే ఎంతని వేళ్ళ మీద లెక్కేశాను. 58 అంగుళాలు. నాలుగడుగుల పది.

సరిగ్గా నా ఎత్తు.

పెళ్ళిచూపులకి మా పిన్ని మడమల చెప్పులు తెచ్చి, చీర కుచ్చిళ్ళు వాటిని కప్పేలా దించి కట్టింది. చాప మీద కూర్చోమనే సరికి చెప్పులు విప్పక తప్పలేదు. ఆ సంబంధం వాళ్ళు మళ్ళీ కబురు చెయ్యలేదు. ఇన్నేళ్ళయినా ఆ చాప రంగు గుర్తుంది నాకు. అదంతా గుమ్మం మీద గీతలు గీస్తున్నప్పుడు మాత్రం ఒక్కసారీ గుర్తు రాలేదు, చిత్రం.

లెక్క చూసి చిన్నది, "అయితే నువ్వు పోనీకీ గుర్రానికీ మధ్యన ఉన్నావమ్మా" అంది.

ఇంటికొచ్చాక ఒకటో తారీఖు వచ్చింది. నేను పెన్సిలు తియ్యలేదు. అదే తీసుకొచ్చి, "ఈసారి నువ్వు నిలబడు. నాడాలు తీసెయ్యి" అంది. చెప్పులు విడిచి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను. నా తల దాకా అందక స్టూలు వేసుకుంది.