రచ్చ గెలిచి, ఇంట ఓడి

2025 నాటికి 18 సీజన్లు, ఒకే ఒక్క ఫైనల్, టైటిళ్లు సున్నా. అయినా ఫిరోజ్ షా కోట్లాకు వచ్చే ఢిల్లీ వీరాభిమానిలో ఆశ మాత్రం చావలేదు

ఢిల్లీ గేట్ మెట్రో స్టేషన్ మెట్లెక్కి బయటికొస్తే చాలు, ఆ రోజు కోట్లాలో ప్రత్యర్థి ఎవరో అడగక్కర్లేదు. బహదూర్ షా జఫర్ మార్గ్ పేవ్‌మెంట్ మీద కుప్పపోసిన జెర్సీలే చెప్పేస్తాయి. చెన్నై అయితే పసుపు, బెంగళూరు అయితే ఎరుపు, దాని వీపున 18 అంకె. ఢిల్లీ క్యాపిటల్స్ నీలం చొక్కాలూ ఉంటాయి. కాకపోతే ఆ కుప్ప చిన్నది. ఛోలే కుల్చే బండి దగ్గర ప్లేటు పట్టుకుని నిలబడ్డ అసలైన ఢిల్లీ అభిమానిని గుర్తుపట్టడం సులువే. మ్యాచ్ మొదలు కాకముందే ఈసారి ఎలా ఓడబోతున్నామో వివరిస్తుంటాడు. జేబులో మాత్రం టికెట్ ఉంటుంది.

ఈ చోటుకు చరిత్ర బరువు తక్కువేమీ కాదు. ఫిరోజ్ షా తుగ్లక్ 14వ శతాబ్దంలో కట్టించిన కోట శిథిలాల పక్కనే, 1883 నాటి ఈ మైదానం ఉంది. పాకిస్తాన్‌పై అనిల్ కుంబ్లే ఒకే ఇన్నింగ్స్‌లో 10 వికెట్లు పడగొట్టింది 1999 ఫిబ్రవరిలో ఇక్కడే. 2019 సెప్టెంబర్‌లో స్టేడియానికి మాజీ కేంద్ర మంత్రి అరుణ్ జైట్లీ పేరు పెట్టినా జనం నోట అది ఇంకా కోట్లానే. గోడ అవతల శిథిలాల్లో గురువారాలు మరో సందడి. జిన్నులు కోరికలు తీరుస్తాయన్న నమ్మకంతో జనం అర్జీలు రాసి, జిరాక్సులు తీయించి మరీ గూళ్లలో పెట్టి వెళతారు. ఢిల్లీ అభిమాని అర్జీ రాయాల్సి వస్తే కోరిక ఒకటే. కప్పు సంగతి తర్వాత, ముందు ఉన్న ఆటగాళ్లను పోనివ్వకుండా చూడమని.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. 2025 సీజన్‌లో ఢిల్లీ దాన్ని తిరగేసింది. కొత్త కెప్టెన్ అక్షర్ పటేల్ సారథ్యంలో తొలి నాలుగు మ్యాచులూ వరుసగా గెలిచింది. అందులో ఒక్కటీ ఢిల్లీలో జరగలేదు. మొదటి రెండు ‘హోమ్’ మ్యాచులు జరిగింది జట్టు రెండో ఇల్లయిన విశాఖపట్నంలో. అక్కడ లక్నోపై ఒక్క వికెట్ తేడాతో గట్టెక్కింది. మిచెల్ స్టార్క్ 5 వికెట్లు తీయడంతో సన్‌రైజర్స్ హైదరాబాద్‌ను చిత్తు చేసింది. తర్వాత చెన్నైని దాని సొంత చెపాక్‌లో 2010 తర్వాత తొలిసారి ఓడించింది. బెంగళూరులో కేఎల్ రాహుల్ 93 పరుగులతో అజేయంగా నిలిచాడు.

ఆ ఊపుతో ఏప్రిల్ 13న కోట్లాకు వచ్చింది. ముంబైపై 206 పరుగుల లక్ష్యం. కరుణ్ నాయర్ 40 బంతుల్లో 89 బాదాడు. గెలుపు చేతికందేలా ఉన్న వేళ 19వ ఓవర్లో వరుసగా మూడు బంతుల్లో మూడు రనౌట్లు. 12 పరుగుల తేడాతో ఓటమి. మూడు రోజుల తర్వాత రాజస్థాన్‌పై సూపర్ ఓవర్లో నెగ్గింది. ఆ తర్వాత బెంగళూరు, కోల్‌కతా, గుజరాత్ వరసగా ఇక్కడికి వచ్చి గెలిచి వెళ్లాయి. గుజరాత్‌పై రాహుల్ సెంచరీ చేసినా ప్రత్యర్థి ఓపెనర్లు ఒక్క వికెట్టూ ఇవ్వలేదు. లెక్క తేలితే కోట్లాలో ఐదు మ్యాచులు, ఒక్క గెలుపు.

మధ్యలో భారత్-పాక్ ఘర్షణ కారణంగా మే 8న ధర్మశాలలో ఢిల్లీ ఆడుతున్న మ్యాచే ఆగిపోయింది. విరామం తర్వాత స్టార్క్ తిరిగి రాలేదు. చివరికి 15 పాయింట్లతో ఐదో స్థానం. తొలి నాలుగు మ్యాచులూ గెలిచి ప్లేఆఫ్స్ చేరని మొదటి ఐపీఎల్ జట్టుగా మరో రికార్డు మిగిలింది.

స్టాండ్‌లో పాత అభిమానితో మాట కలిపితే ఆయన అభియోగ పత్రం 2008 నుంచి మొదలవుతుంది. ఆ ఏడాది అండర్-19 కుర్రాళ్ల ఎంపికలో కోహ్లీ అనే పశ్చిమ ఢిల్లీ అబ్బాయికి బదులు ప్రదీప్ సంగ్వాన్‌ను తీసుకున్నారు. డివిలియర్స్ మూడు సీజన్లు ఇక్కడ ఆడి బెంగళూరుకు వెళ్లాడు. ఢిల్లీ బిడ్డ గౌతమ్ గంభీర్ కోల్‌కతాకు 2012లో, 2014లో కప్పు తెచ్చిపెట్టాడు. ఢిల్లీ వదులుకున్న డేవిడ్ వార్నర్ 2016లో హైదరాబాద్‌ను విజేతగా నిలిపాడు. శ్రేయస్ అయ్యర్ 2024లో కోల్‌కతాకు టైటిల్ అందించి, మరుసటి ఏడాది పంజాబ్‌ను ఫైనల్‌కు చేర్చాడు. 2018 మేలో కోట్లాలో రిషభ్ పంత్ 128 నాటౌట్‌తో చెలరేగితే, అదే రాత్రి 92 పరుగులు చేసి హైదరాబాద్‌ను గెలిపించింది మరో ఢిల్లీ కుర్రాడు శిఖర్ ధావన్. ఆ పంత్ కూడా 2024 నవంబర్ వేలంలో రూ.27 కోట్లకు లక్నో వెళ్లిపోయాడు. అన్ని వీడ్కోళ్లకూ యాజమాన్యానిదే తప్పు కాకపోవచ్చు. కానీ జాబితా ఇంత పొడవుంటే దాన్ని యాదృచ్ఛికమని నమ్మడం కష్టం.

ఈ కథలో తెలుగువారి పాత్రా తక్కువ కాదు. 2008లో 8.4 కోట్ల డాలర్లకు ఫ్రాంచైజీని కొన్న జీఎంఆర్ గ్రూప్ మూలాలు ఉత్తరాంధ్రలోని రాజాంలో ఉన్నాయి. 2009లో పట్టికలో అగ్రస్థానంలో ఉన్న ఢిల్లీని సెమీస్‌లో గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85తో కూల్చి, కప్పు ఎగరేసుకుపోయింది హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్. ఆ జట్టులో ఉన్న విశాఖ ఆటగాడు వేణుగోపాలరావు 2024 అక్టోబర్‌లో ఢిల్లీకి క్రికెట్ డైరెక్టరయ్యాడు. అప్పుడే ఏడు సీజన్ల కోచ్ పాంటింగ్ స్థానంలో హేమాంగ్ బదానీ వచ్చాడు. 2018లో జేఎస్‌డబ్ల్యూ సగం వాటా కొన్నాక పేరు డేర్‌డెవిల్స్ నుంచి క్యాపిటల్స్‌గా మారింది. ఇప్పుడు జట్టు పగ్గాలు ఇద్దరు యజమానుల మధ్య వంతులవారీగా మారుతుంటాయి. పేరు, కెప్టెన్, కోచ్, నిర్వాహకుడు అందరూ మారుతుంటే మారకుండా మిగిలింది గ్యాలరీలో కూర్చున్నవాడే.

గ్యాలరీలోనూ అతను మైనారిటీయే. 2024 మార్చిలో మహిళల ప్రీమియర్ లీగ్ ఫైనల్ కోట్లాలోనే జరిగింది. వికెట్ పోకుండా 64 పరుగులు చేసిన ఢిల్లీ 113కే కుప్పకూలింది, బెంగళూరు అమ్మాయిలు కప్పు పట్టుకెళ్లారు. స్టేడియం అంతా ఎరుపే. 2025 జనవరిలో కోహ్లీ రంజీ మ్యాచ్ ఆడటానికొస్తే పొద్దున్నే వేల మంది గేట్ల ముందు బారులు తీరారు. ఆయన 6 పరుగులకే అవుటయ్యాడు, జనం లేచి వెళ్లిపోయారు. ఏప్రిల్‌లో అదే కోహ్లీ బెంగళూరు తరఫున ఇక్కడ అర్ధసెంచరీ చేసినప్పుడు, ఢిల్లీ ఓడుతోందని బాధపడ్డవాళ్లు కొద్దిమందే.

దీనికి ఢిల్లీ వలసల నగరం కావడమే కారణమని తేల్చేయడం తేలిక. విభజన కాలపు పంజాబీలు, ఆ తర్వాత వచ్చిన బిహారీలు, పూర్వాంచలీలు, మలయాళీలు, ఆంధ్రా భవన్ భోజనానికి క్యూ కట్టే తెలుగువాళ్లు, ఎవరి సొంతూరు జట్టు వాళ్లది అంటారు. ఐపీఎల్‌లో బిహార్‌కు జట్టే లేదు, మరి ఆ జనమంతా ఢిల్లీ వైపు ఎందుకు రాలేదు? అభిమానులిచ్చే జవాబు సూటిగానే ఉంటుంది. మనసు పెట్టుకోవడానికి ఒక ముఖం కావాలి. చెన్నైకి ధోనీ, బెంగళూరుకు కోహ్లీ ఏళ్ల తరబడి ఆ ముఖాలయ్యారు. ఢిల్లీలో ముఖం అలవాటయ్యేలోపు వేలం వచ్చేస్తుంది.

కోట్లా శిథిలాల మీద నిలబడ్డ అశోక స్తంభం కూడా వలస వచ్చిందే. హర్యానా వైపున్న తోప్రా గ్రామం నుంచి దాన్ని బూరుగు దూది పరిచి దించి, 42 చక్రాల బండి మీద యమున దాకా లాగించి, పడవల్లో తెప్పించాడట తుగ్లక్. వచ్చి ఆరున్నర శతాబ్దాలు దాటింది, ఇప్పుడది ఢిల్లీది కాదనేవాడు లేడు. బయటినుంచి తెచ్చుకోవడం ఈ నగరానికి ఎప్పుడూ చేతనైన పనే. తెచ్చుకున్నదాన్ని ఒకచోట ఉండనివ్వడమే ఈ జట్టు ఇంకా నేర్చుకోవాలి.