పాట ఎప్పుడు మొదలవుతుంది?

గిటారుకి మన ఇళ్ళల్లో మొదటినుంచీ మంచి పేరు లేదు. వీణ అంటే సరస్వతీదేవి, వేణువంటే కృష్ణుడు, ఆఖరికి హార్మోనియం అన్నా ఏదో భజనమందిరం కళ్ళముందు మెదులుతుంది. గిటారు అనగానే మాత్రం బెల్‌బాటం ప్యాంటు, మెడలో రుమాలు, కాలేజీ ఎగ్గొట్టిన కుర్రాడూ గుర్తొస్తారు. 1973లో ‘యాదోం కీ బారాత్’ వచ్చింది. 1975లో అదే కథ మనకి ‘అన్నదమ్ముల అనుబంధం’ అయింది. ఆ రెండు సినిమాల పుణ్యమా అని, గిటారు పట్టినవాడు చిన్నప్పుడు తప్పిపోయిన తమ్ముడన్నా అయివుండాలి, హోటల్లో పాడేవాడన్నా అయివుండాలి అని మా అమ్మ తరంవాళ్ళు తీర్మానించేసుకున్నారు.

మా అక్క కొడుకు ఈ రెండూ కాడు. బుద్ధిగా ఇంజనీరింగు చదివి హైదరాబాదులో ఉద్యోగంలో చేరినవాడు. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఒక లాప్‌టాపూ, ఒక గిటారూ పట్టుకొని ఉట్నూర్ వచ్చాడు. పగలు డాబామీద సిగ్నల్ దొరికే మూల చూసుకొని ఆఫీసు పని, రాత్రి వెనకింట్లో గిటారు. కొన్నాళ్ళకి ఆఫీసు వాళ్ళు రమ్మన్నారు, వెళ్ళాడు. కానీ శని ఆదివారాలొస్తే చాలు, గుడిహత్నూర్ దగ్గర బస్సు మారి ఇక్కడ ప్రత్యక్షం. పెళ్ళి సంబంధం ఏమైనా చూసుకుంటున్నాడేమో అని మేం ఆశపడ్డాం. తీరా ఒకనాడు చల్లగా చెప్పాడు: “చిన్నమ్మా, ఆల్బం చేస్తున్న.”

ఎనిమిది వాద్యసంగీతం ముక్కలట. ఎనిమిదీ సొంత స్వరాలట. పాడేవాళ్ళు లేరు. వేసే కంపెనీ లేదు. కావాలని అడిగినవాడు భూప్రపంచంలో ఒక్కడూ లేడు.

మా అక్క చిట్టీ పాడి తెచ్చిన అరవైవేలు బీరువాలో ఉన్నాయి. వెనకింటి రేకులు తీసేసి స్లాబు వేయించాలని దాచుకున్న డబ్బు. అందులోంచి మైకుకీ, తీగెకీ లాప్‌టాపుకీ మధ్య పెట్టే పెట్టెకీ, హైదరాబాదులో కూర్చుని శబ్దాలు సరిచేసే ఆయనకీ కలిపి నలభై రెండువేలు పోయాయి. మా బావ పదవీ విరమణ చేసిన గుమాస్తా. కొడుకుని ఒక్క మాట అనలేదు. లెక్కల పుస్తకం తీసి ‘గిటారు – అప్పు’ అని ఒక పద్దు రాసుకున్నాడు. అరిచే మగవాళ్ళతో వేగడం తేలికండీ. పద్దు రాసుకునే మగవాళ్ళతోనే కష్టం.

స్లాబు పడలేదు గనక రేకులు అలాగే ఉన్నాయి. నాలుగో ముక్క రికార్డు చేస్తున్నప్పుడు వాన వచ్చింది. ఆ చప్పుడు కూడా లోపలికి ఎక్కేసింది. వాడు తీసెయ్యలేదు, “మంచిగున్నది, ఉండనియ్” అన్నాడు. ఎనిమిదింటిలోనూ నాకు ఎక్కువ నచ్చింది అదే.

అంతా తయారయ్యాక ఒకనాటి సాయంత్రం ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి వినిపించాడు. మా అమ్మకి ఎనభై దాటాయి. చేతులు ఒళ్ళో పెట్టుకొని శ్రద్ధగా వింది. మొదటిది అయింది, రెండోది అయింది. మూడోది సగంలో ఉండగా వాడి మోకాలు తట్టి, “మంచిగున్నది బిడ్డా, మరి పాట ఎప్పుడు షురూ అయితది?” అంది.

అందరూ నవ్వారు. వాడు కూడా నవ్వాడు గానీ వాడి ముఖం నాకు కనిపించింది.

అమ్మ అడిగినదాంట్లో అన్యాయం ఏముంది చెప్పండి? మనకి వాద్యం వినడం తెలియక కాదు. చిట్టిబాబు వీణ వినని తెలుగిల్లు ఆ రోజుల్లో ఏది? పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో కచేరీ చేసేనాటికి తొమ్మిదేళ్ళవాడు. మాండలిన్ అనే పరాయి వాద్యాన్ని కర్ణాటక సంగీతంలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. హిందీ సినిమా పాటలు గిటారుమీద వాయించి సునీల్ గంగూలీ రికార్డుల మీద రికార్డులు ఇచ్చాడు. అయితే ఇందులో ఒక కిటుకుంది. శ్రీనివాస్ కీర్తన వాయిస్తే వినేవాడు లోపల సాహిత్యం పాడుకుంటాడు. గంగూలీ వాయిస్తే లతా మంగేష్కర్ గొంతు చెవిలో దానంతటదే పలుకుతుంది. వాద్యం పలికేది సగమైతే మిగతా సగం మనమే పూరిస్తాం. మావాడి స్వరాలకి వెనక పాట లేదు. పూరించడానికి మన దగ్గర ఏమీ లేదు. ఇక అమ్మ ఎదురుచూడక ఏం చేస్తుంది?

దీనికితోడు రేడియో చేసిన అలవాటొకటి. మా ఆదిలాబాదులో ఆకాశవాణి 1986లో మొదలైంది. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. రెండు కార్యక్రమాల మధ్య కాస్త ఖాళీ వస్తే వాద్యసంగీతం వేసేవారు. అది రాగానే అమ్మ లేచి ఎసరు పెట్టడానికి పోయేది, నాన్న చుట్ట వెలిగించుకునేవాడు. మాటలు లేని సంగీతం అంటే లేచి పని చూసుకోవలసిన వేళ అని ఒక తరం మొత్తానికి ఒంటబట్టిపోయింది.

సరే, పాట విడుదల చేయడం ఈ రోజుల్లో ఎంత సులువో చూస్తే నాకు మతిపోయింది. వెనకటికి హెచ్.ఎం.వి. వారు దయతలిస్తేనే రికార్డు. తర్వాత కేసెట్టు వచ్చి కాస్త తలుపు తెరిచింది. ఇప్పుడు తలుపే లేదు. ఏడాదికి ఇంతని కడితే ఒక మధ్యవర్తి కంపెనీ మన పాటని దేశదేశాల్లో పాటలు వినిపించే ఫోను అంగళ్ళన్నిటికీ పంపేస్తుంది. ప్రతి ముక్కకీ అక్షరాలూ అంకెలూ కలిసి పన్నెండు ఉండే ఒక నంబరిస్తారు, మన ఆధార్ కార్డులాంటిదే. చదరపు బొమ్మ ఒకటి అట్టకి కావాలి. పాడిన భాష ఏది అని అడుగుతారు. అక్కడ వాడు ‘మాటలు లేవు’ అని నొక్కుతుంటే అమ్మ ప్రశ్నే మళ్ళీ వినిపించింది నాకు. ముక్కలకి ఒకటి, రెండు, మూడు అని పేర్లు పెడతానన్నాడు. నేను ఒప్పుకోలేదు. పిల్లలకి అంకెలు పెడతామా? వానదానికి ‘రేకులిల్లు’ అనీ, ఇంకోదానికి ‘జైనూర్ ఆఖరి బస్సు’ అనీ నేనే పెట్టాను.

తలుపు లేదంటే అందరికీ లేదు మరి. రోజూ వచ్చిపడే వేలాది పాటల్లో మనది ఎవరికి కనిపిస్తుంది? 2019లో మన దేశానికొచ్చిన స్పాటిఫై సంగతే తీసుకోండి. 2024 నుంచి దాని లెక్క ప్రకారం ఒక పాటని గడిచిన పన్నెండు నెలల్లో వెయ్యిసార్లయినా వింటేగానీ దానికి పైసా లెక్కకట్టరు. మావాడి ఎనిమిదీ కలిపి మొదటినెల విన్నది నూటనాలుగు సార్లు. అందులో సగం మా అక్క ఫోనే. రాత్రి పడుకునేముందు చప్పుడు తగ్గించి పెట్టి ఫోను దిండుకింద దాచేదట, లెక్క పెరగాలని. ఈ సంగతి వాడికి తెలియదు, మీరూ చెప్పకండి.

ఇక లాభం లేదని ప్రచారశాఖ నేను తీసుకున్నాను. స్కూల్లో టీచర్లకి చెప్పాను. “తప్పకుండా వింటం మేడం” అన్నారు. ‘తప్పకుండా’ అనే మాట ఎక్కడ వినిపిస్తే అక్కడ ఆశ వదులుకోవాలని నా అనుభవం. వాట్సాప్‌లో చుట్టాలందరికీ పంపితే పద్నాలుగుమంది చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఒక్కరూ నొక్కి వినలేదు. మా వదినెగారైతే ఫోను చేసి, “మొత్తం విన్న, మస్తున్నది, పిల్లగాని గొంతు సూడు ఎంత తియ్యగున్నదో” అంది.

వాడు దిగాలుపడ్డప్పుడల్లా ఒక అమెరికా కథ చెప్పేవాడు. జాన్ ఫేహీ అని ఒకాయన. 1959లో ఇరవయ్యేళ్ళవాడు. పెట్రోలు బంకులో పనిచేసి కూడబెట్టిన డబ్బుకి ఒక ఫాదరీ దగ్గర చేబదులు కలిపి, ఉత్త గిటారు రికార్డు నూరు కాపీలు సొంతంగా వేయించుకున్నాడు. అట్టకి ఒకవైపు తన పేరు, రెండోవైపు ‘బ్లైండ్ జో డెత్’ అని లేనిపోని ఒక ముసలి గాయకుడి పేరు! కొనేవాళ్ళు లేక, పాత సామాన్లమ్మే దుకాణాలకి పోయి అక్కడి రికార్డుల మధ్య తనది ఎవరికీ తెలియకుండా దోపి వచ్చేవాడట. దుకాణంలో దొంగతనం చేసేవాళ్ళని విన్నాం గానీ తన సరుకే తెచ్చి పెట్టి పారిపోయేవాణ్ణి ఇతన్నే విన్నాను. ఆ రికార్డు 2010లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం వారి జాతీయ రికార్డుల జాబితాలోకి ఎక్కింది. “యాభై ఏండ్లు ఆగాలె, అంతే చిన్నమ్మా” అనేవాడు మావాడు. నాకు నవ్వు రాలేదు. యాభై ఏళ్ళు అక్క ఉంటుందా, బావ పద్దు ఉంటుందా?

నా ఆలోచన వేరే వైపు పోయింది. మా ప్రాంతంలో కిక్రీ అని ఒక వాద్యం ఉంది. మూడు తీగెలు, విల్లుతో వాయిస్తారు. ప్రధానులూ తోటీలూ దాని వారసులు. గోండుల దేవతల కథలూ, వంశాల కథలూ కిక్రీ మీదే నడుస్తాయి. ఒక్కొక్క ప్రధాను కుటుంబానికి తరతరాలుగా ఫలానా గోండు ఇళ్ళు అని ఉంటాయి. వాళ్ళింట్లో చావయినా పండుగయినా వీళ్ళు వెళ్ళి వాయించాలి. వాళ్ళు ధాన్యమో, బట్టలో, పశువో ఇచ్చుకోవాలి. 1940ల్లో మార్లవాయిలో ఉండి గోండుల గురించి పుస్తకాలు రాసిన హైమన్‌డార్ఫ్ దొర ఈ కట్టుబాటుని విపులంగా రాశాడు. కిక్రీవాడికి ‘అభిమానుల్ని సంపాదించుకోవడం’ అనే బెంగ లేదు. పుట్టేసరికే వినేవాళ్ళు ఇళ్ళలో కూర్చుని ఉన్నారు. ఇప్పుడా కట్టు కూడా సడలిపోయింది. వాయించే చేతులు తగ్గాయి. గుస్సాడి నేర్పిన మార్లవాయి కనకరాజుగారికి 2021లో పద్మశ్రీ వచ్చింది, ఆయన 2024లో పోయారు. 

మావాడికి తరతరాల ఇళ్ళు లేవు, నిజమే. అయితే ఇళ్ళు లేకపోలేదు కదా! “ప్రపంచం సంగతి తర్వాత, ముందు పది ఇళ్ళు చూసుకుందాం” అన్నాను. దసరా సెలవుల్లో మొదలుపెట్టాం. బతుకమ్మ ఆడి వచ్చాక ఎవరి వరండాలో వీలైతే వాళ్ళ వరండాలో ముప్పావుగంట వాయించడం. టికెట్టు లేదు, మైకు లేదు. ఇంటావిడ సత్తుపిండి పెడితే తినడం. వాయించేముందు ప్రతి ముక్క గురించీ రెండు మాటలు చెప్పాలని నేను షరతు పెట్టాను. వాడికి సిగ్గు. అయినా, “ఇది మా రేకులమీద వాన” అని చెప్పి వాయించినప్పుడు, మూల కూర్చున్న ఒక పెద్దావిడ పక్కనామె మోచేయి పట్టుకొని, “ఆగు, ఆగు, ఇప్పుడు పెద్దగైతది సూడు” అంది. అయింది కూడా. పాట ఎప్పుడు మొదలవుతుందని ఆ పూట ఎవరూ అడగలేదు.

తొమ్మిది ఇళ్ళు అయ్యాయి. పదో ఇంట్లో పరీక్షలని వద్దన్నారు. సిగ్నల్ అందని ఊళ్ళవాళ్ళు అడిగితే పెన్‌డ్రైవులలో ఎక్కించి ఇచ్చాం, ఒకటి నూట యాభై. ఇరవై మూడు పోయాయి. జైనూర్ వైపు ఆటో తోలే అబ్బాయి ఒకటి తీసుకొని, “పొద్దుగాల పోరగాండ్లకు సినిమా పాటలు, రాత్రి దవాఖాన నుంచి వచ్చేటోళ్ళకు ఇవి” అని ఏర్పాటు చేసుకున్నాడు. ఎవరూ నేర్పకుండానే ఏది ఎప్పుడు వేయాలో అతనికి తెలిసింది.

లెక్కలు చెప్పకపోతే మా బావ ఊరుకోడు గనక చెబుతున్నాను. ఏడాదిలో ‘రేకులిల్లు’ వెయ్యి దాటింది. మిగతా ఏడూ దాటలేదు. చేతికొచ్చిన సొమ్ము పెన్‌డ్రైవులతో కలిపి నాలుగువేలు కూడా కాలేదు. ఆ మొత్తాన్ని బావ పద్దులో ‘జమ’ వైపు రాశాడు. అప్పు అలాగే ఉంది, రేకులూ అలాగే ఉన్నాయి.

ఎవరు ఏ ఊళ్ళో విన్నారో ఫోనులో కనిపిస్తుందట. నిజామాబాదు, జగిత్యాల, కరీంనగరం అంటే బంధువులనుకోవచ్చు. ఆ మధ్య వరసగా దుబాయి కనిపించడం మొదలైంది. రోజూ ఒక్కరే, రోజూ అర్ధరాత్రి దాటాకే. ఆ వైపు మన జగిత్యాల, సిరిసిల్ల వాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలియనిది కాదు. కొన్నాళ్ళకి ఆ మనిషే ఉత్తరంలాంటి నాలుగు ముక్కలు పంపాడు. రాత్రి కాపలా డ్యూటీ అట. వాన చూసి రెండేళ్ళయిందట. ‘రేకులిల్లు’ ఇంకా పొడుగుది ఉంటే పంపమన్నాడు.

మావాడు దాన్ని పన్నెండు నిమిషాలదిగా మళ్ళీ రికార్డు చేస్తున్నాడు. వాన పడ్డ రాత్రే చేయాలట. అక్క చిట్టీ జోలికి పోకుండా తన జీతంలోంచే. మబ్బు పట్టిందంటే చాలు అక్క గేటు గొళ్ళానికి గుడ్డ చుడుతుంది, కుక్కర్ పక్కన పెట్టి గిన్నెలో అన్నం వండుతుంది, నా ఫోను తీసుకొని నోరు నొక్కేస్తుంది. నిన్న రాత్రి ఎనిమిదో నిమిషందాకా బాగానే సాగింది. అప్పుడు మా బావకి దగ్గొచ్చింది.