సోమ్ నదీతీరపు చిన్న రైలు

ఫ్రాన్సు దేశమున సోమ్ నదీతీరమునందు 1916లో యుద్ధమునకై వేసిన 60 సెంటీమీటర్ల వెడల్పుగల రైలుదారి, ముందువెనుకలుగా మళ్లుచు మిట్ట నెక్కి, నేటికిని యాత్రికులను మోయుచున్నది. సోదరీమణులారా, దానిని బల్లపై బొమ్మగా నిర్మించువారు మొదట చూడవలసినది ఇంజనును గాదు, మట్టిని. అచటిది సుద్దనేల, కందకము త్రవ్వినచో తెల్లని గట్టు లేచును. అంతటను నల్లబురద పూసినచో అది వేరొక సీమ యగును. గోనెగుడ్డపై ప్లాస్టరు మెత్తి గుంటలు దీర్చి, సుద్దపొడి చల్లవలెను. మెలిపెట్టిన తీగలే చెట్లమోళ్లు. ఇంజనుపై పొగవలె దూది నిలుపుదురు. రణరేఖకడ నది పొసగదు. పొగ గాంచి యెదుటివారు గుండ్లు వేయుదురనియే గదా అచట పెట్రోలు ఇంజనులు నడపిరి! పచ్చిక యద్దుటకు పిల్లలు తొందరపడుదురు. నేనైతే వలదందును. ఆ బండ్లు పోవునపుడు గుండ్లను, మరలునపుడు గాయపడినవారిని మోసినవి. తిరుగు బండి యొకదానిపైనైనను పరుండిన మనుష్యుని బొమ్మ నుంచుడు.