పాత పడవ బేరం

తక్కువ సొమ్ముతో పాత తెరచాప పడవను కొని బాగుచేసుకుందామని బయలుదేరే కొత్త నావికులలో చాలామంది, పడవ చేతికి వచ్చిన వారంలోనే రంగు డబ్బా మూత తీస్తారు. పడవ పొట్టకు తళతళలాడే నీలిరంగు, గదిలోని పరుపులకు కొత్త గుడ్డ, కిటికీలకు తెరలు, మెరిసే దిక్సూచి సమకూరేసరికి ఉన్న సొమ్ములో సగం కరిగిపోతుంది. అప్పటికి డెక్‌ను, అనగా పడవ పైన మనుషులు నడిచే తలాన్ని, ఒక్కసారైనా తట్టి చూసి ఉండరు. దీనిని ఉత్సాహమని సమర్థించేవారు ఉన్నారు గాని, లోపల చెక్క కుళ్లుతుండగా పైన రంగు పూయడం పడవకు చేసే అన్యాయమే, ఎందుకంటే ఆ రంగు కుళ్లును కంటికి కనబడనీయక మరికొన్నేళ్లు పెరగనిస్తుంది.

ఇటువంటి పడవలు చౌకగా దొరకడానికి కారణం వాటి దీర్ఘాయువు. గాజుపోగుల బట్టను రెసిన్ అనే జిగురులో తడిపి, అచ్చులో పొరలుగా పరచి గట్టిపరచిన పదార్థాన్ని ఫైబర్‌గ్లాస్ అంటారు. దానికి చెదగాని సముద్రపు పురుగుగాని పట్టదు, కనుక యజమాని ముసలివాడై పడవ నిలిపే యార్డుకు అద్దె కట్టలేని స్థితికి వచ్చినా పడవ పొట్ట మాత్రం చెక్కుచెదరక నిలిచి ఉంటుంది. 1959లో న్యూయార్క్ పడవల ప్రదర్శనకు రోడ్ ఐలాండ్‌కు చెందిన పియర్సన్ దాయాదులు తెచ్చిన ట్రైటన్ ఇందుకు మంచి ఉదాహరణ. స్వీడన్‌లో పుట్టిన కార్ల్ ఆల్బర్గ్ రూపకల్పన చేసిన ఈ 28 అడుగుల పడవలు ఏడువందలకు పైగా తయారయ్యాయి; వాటిలో ఒకటైన ‘ఆటమ్’లో జేమ్స్ బాల్డ్విన్ భూమిని రెండుసార్లు చుట్టివచ్చాడు.

అయితే ఆ ట్రైటన్ డెక్‌లోనే అసలు చిక్కు దాగి ఉంది. బరువు పెరగకుండా డెక్ బిగువుగా ఉండేందుకు రెండు పలుచని ఫైబర్‌గ్లాస్ పొరల నడుమ బాల్సా అనే అతి తేలికైన కలపను ఇమిడ్చారు. పడవ పొడిగా ఉన్నంతకాలం ఇది మేలైన ఏర్పాటే. కాని తాళ్లు కట్టే కొక్కేలు, పట్టుకొని నడిచే కమ్మీలు, కిటికీ చట్రాలు అన్నీ ఆ డెక్‌ను తొలిచి బిగించినవే. ఇరవై, ముప్పై ఏళ్లలో మరమేకుల చుట్టూ పూసిన లప్పం ఎండి బీటలువారగా, వాననీరు చుక్కచుక్కగా దిగి బాల్సాను నానబెడుతుంది, నానిన చెక్క క్రమంగా నల్లని గుజ్జవుతుంది. దీనిని కనిపెట్టడానికి ప్లాస్టిక్ తలగల చిన్న సుత్తి చాలు. సంతలో కుండను వేలితో మోగించి కొనే గృహిణికి తెలిసిన విద్యే ఇది: గట్టి చోట సుత్తి ఖంగున పలుకుతుంది, కుళ్లిన చోట మొద్దుగా చచ్చిన శబ్దం చేస్తుంది. ముక్కు నుంచి వెనుక అంచు దాకా జానెడుకొక దెబ్బ చొప్పున తట్టి, చచ్చిన శబ్దం వచ్చిన మేర సుద్దతో గీసుకుంటూ పోతే, ఒక పూటలో బేరపు నిజస్వరూపం గీతలుగా కళ్లెదుట నిలుస్తుంది. గీసిన మేర పైపొరను కోసి, గుజ్జును గోకి, ఆరబెట్టి, కొత్త బాల్సాను ఎపాక్సీ జిగురుతో అతికి, మళ్లీ పొర వేయాలి. మరమేకుల రంధ్రాలను ముందు వెడల్పుగా తొలిచి ఎపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక దాని నడుమనే తిరిగి తొలిస్తే ఇకపై నీరు చెక్కను తాకదు. ఈ పనికి పట్టే డబ్బు తక్కువ, పట్టే వారాంతాలు ఎక్కువ. ఆ వారాంతాలను లెక్కలో వేయనివారే సగం కోసిన పడవను యార్డులో వదిలిపోతారు.

డెక్ తర్వాతి వంతు తెరచాప కొయ్యను నిలబెట్టే ఉక్కుతీగలది; వాటిని పదిపదిహేనేళ్లకొకసారి మార్చాలి. అవి తెగితే కొయ్యే కూలుతుంది కనుక ఇందులో పొదుపు తగదు.

చేతిలో సొమ్ము లేక పాత పడవను లేపి నిలబెట్టినవారిలో జాషువా స్లోకమ్‌ను తలచుకోకుండా ఉండలేము. ఆయన పెద్ద ఓడలు నడిపిన కెప్టెన్. అయినా ఆయన పని చేసిన వరుస కొత్తవారు నేర్చుకోదగినది. 1892లో మసాచుసెట్స్‌లోని ఫెయిర్‌హేవెన్‌లో ఎబెన్ పియర్స్ అనే తిమింగిల వేటగాడు ఆయనకు ‘స్ప్రే’ అనే ముసలి పడవను ఉచితంగా ఇచ్చాడు. అది ఏడేళ్లుగా నీటికి దూరంగా ఒక పొలంలో, గుడ్డ కప్పుకొని ఊతకర్రల మీద నిలిచి ఉంది. విరగ్గొట్టడానికి వచ్చాడనుకున్న ఊరివారు, తిరిగి కడతాడని తెలిసి, గిట్టుబాటవుతుందా అని ఏడాదికి పైగా అడుగుతూనే ఉన్నారు. ఆయన దగ్గరలోని ఓక్ చెట్టును నరికి ముందు అడుగుదూలం చేశాడు. ఆవిరిలో వంచిన పక్కటెముకలు, వాటిపై ఒకటిన్నర అంగుళాల పైన్ పలకలు, ఆ తర్వాతే డెక్. పలకల సందుల్లో దూది కూరుతుండగా అది జారి బయటికి పాకుతుందని చూసినవారు శంకించారు. మొదటినుంచి అనుకున్నట్టే ఆయన దూదిపై జనపనార పోగును దట్టించాడు, దూది ఎన్నడూ కదలలేదు. రంగు వంతు ఆ తర్వాతే వచ్చింది.

1895 ఏప్రిల్ 24న బోస్టన్‌లో తెరచాప ఎత్తిన ‘స్ప్రే’, 46,000 మైళ్లకు పైగా తిరిగి, 1898 జూన్ 27న న్యూపోర్ట్‌లో లంగరు దించింది. ఒంటరిగా భూమిని పడవలో చుట్టిన మొదటి మనిషి స్లోకమ్. ఆయన రాసిపెట్టిన ఖర్చు సామగ్రికి 553 డాలర్ల 62 సెంట్లు, దాని పక్కనే తన సొంత శ్రమ పదమూడు నెలలు. ఫెయిర్‌హేవెన్‌లో ఆయన గడిపిన కాలం నిజానికి అంతకంటే కొన్ని నెలలు ఎక్కువ. రేవులో దిగువన తిమింగిల వేట ఓడలను సిద్ధపరిచే పని దొరికినప్పుడల్లా, పొలంలో పడవను అలాగే నిలిపి, ఆయన కూలికి వెళ్లివచ్చేవాడు.